గాటు

రుమైతియాలో మా బాబా ఇంట్లో
మేడ మీద ఒక చిన్న గది. ఏసీ ఎప్పుడూ ఆపరు.
మనుషులెవరూ ఉండరు అందులో.
నూటపదకొండు వెండి బిళ్ళలు
నీలం మఖమలు మీద, ఒక్కోదానికి ఒక్కో గుంట.

బొటనవేలి గోరంత.
మా అమ్మ కడియం కరిగిస్తే ముప్పై అవుతాయేమో.
రోమ్ అనే ఊరివంట. అక్కడి సిపాయిల జీతమంట.
"దినారియస్" అంటాడు బాబా, పంటి కింద ఖర్జూరం నలిపినట్టు.
"నెలనెలా నీకిచ్చే దినార్ దీని మనవడే."
తాత వెండి, మనవడు కాగితం.
ఏ వంశంలోనైనా అంతే కదా.

మొదటి రోజే చెప్పినాడు: తుడువు, కడగొద్దు.
అప్పటికి నాకు అరబ్బీ సగమే వచ్చు.
వచ్చిన సగం, కడుగు అన్న సగం.

చింతపండు నానేసి,
పర్సులో మడిచి పెట్టుకున్న వీరభద్రుడి విభూతి విప్పి,
ఒకదాన్ని తోమినా, పండగ ముందు కుందులు తోమినట్టు.
నలుపంతా పోయి
పాలపన్ను మాదిరి బయటికొచ్చింది.

బాబా కూలబడినాడు.
అరవలేదు. అరిచింటే బాగుండు.
"ఆ నలుపు పట్టేదానికి రెండువేల ఏండ్లు పట్టింది"
అని గోడకి చెప్పినాడు, నాకు కాదు.
రెండు రోజులు నా చేతి టీ తాగలేదు.

మూడో రోజు పిలిచి భూతద్దం ఇచ్చినాడు.
నలుపు కింద దాక్కున్నది కనబడింది:
రాజు చెంప మీద, చెవి నుంచి గడ్డం దాకా,
ఉలి దెబ్బ.
"ఇది రోమ్‌లో పడిన గాటు కాదు, మీ వైపుది.
లోపల రాగి ఉందేమోనని కోసి చూసేవాళ్ళని కొందరంటారు."

నవ్వొచ్చింది నాకు.
ఆ కోసినోడు నాకు తెలుసు.
పేరు తెలీదు, చూపు తెలుసు.
రాయచోటి బజార్లో, కుదువ అంగట్లో,
నా కాలిపట్టీలు గీటురాయి మీద గీకి,
నా మొగం చూసి,
మళ్ళీ గీకినాడు. వీసా దుడ్ల కోసం పోయిన రోజు.
ఈ దేశమూ అంతే.
దిగీదిగంగానే నెత్తురు తీసింది, ఛాతీకి ఫోటో తీసింది,
లోపల రాగి ఏమన్నా ఉందేమోనని.

తిప్పితే అవతల పక్క ఒక ఆడమనిషి.
కుర్చీలో కూచోని, ఒక చేత కొమ్మ, ఒక చేత కర్ర.
రాజు తల్లి అంటాడు బాబా. శాంతి దేవత అంటుందంట ఆయన పుస్తకం.
ఎవరైతే నాకేం,
రెండువేల ఏండ్లుగా కూచోనే ఉంది.
లేచి టీ పెట్టమని ఒక్కరూ అన్లేదు.

ఇంకో బిళ్ళ మీద ఒక వింత జీవం.
ముందర మేక, వెనక చేప.
బాబా ఏదో నక్షత్రాల సంగతి చెప్పబోయినాడు,
నాకు చెవికెక్కలేదు.
ముందు కాళ్ళు మా గాలివీడు గుట్టల్లో
తుమ్మకొమ్మకి ఎగబడతాండాయి.
తోక ఈడ, ఉప్పునీళ్ళలో, కొట్టుకుంటాంది.
ఎట్ల నడిచేది, ఎట్ల ఈదేది,
చెక్కినోడు ఒక్క మాట అడిగింటే చెప్పేదాన్ని.

జీతంలో పైసా కోయలేదు.
ఆ గుంట పక్కన చీటీ ఒకటి అతికించినాడు.
డ్రైవర్ చేత చదివించుకున్నా:
"గాటు ఉంది. కడిగినది ఊబులమ్మ."
అరబ్బీలో ఓ అక్షరం లేదంట,
ఓబులమ్మ అట్ల ఊబులమ్మయింది.

గురువారం గురువారం దుమ్ము తుడుస్తా.
అంచు పట్టుకుంటా ఇప్పుడు, నడిమధ్య వేలు పెట్టను.
పోతాపోతా దాన్ని తిప్పి,
రాజును మఖమలుకి ఆనించి,
కూచున్న ఆమెను పైకి పెట్టి వస్తా.
శనివారానికి బాబా మళ్ళీ తిప్పేసి ఉంటాడు.
ఆ మాట ఆయన ఎత్తడు.
నేనూ ఎత్తను.